తారు రోడ్డు మీద ర్యాలీ పెట్టాలనుకుంటే: కారు సంగతి చివర్న, రోడ్డు సంగతి ముందు

శ్రీకాకుళం, విజయనగరం వైపు కార్ల మోజున్న కుర్రాళ్లు నలుగురు కూడితే ఈ మాట రాక తప్పదు. "మనమూ ఒక ర్యాలీ పెడదాంరా. పొద్దున్న ఐదింటికి ఆ రోడ్డు మీద పురుగు కూడా ఉండదు." ఐదింటికి మన రోడ్ల మీద ఎవరుంటారో ఒకసారి నిలబడి చూస్తే ఆ మాట అనరు. పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్లు, రాత్రి కరెంటుకి మోటారు వేసి ఇంటికొస్తున్న రైతు, నడకకి బయల్దేరిన రిటైర్డ్ మాస్టార్లు, అన్నిటికీ మించి ఆర్మీ సెలక్షన్ల కోసం రోడ్డు మీదే పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలు. వాళ్లు చీకట్లో నల్ల టీషర్టుతో, చెవుల్లో పాటలు పెట్టుకుని పరిగెడతారు.

కాబట్టి సరదా ఉంటే ఉంది గానీ, పని వరసలో జరగాలి. చాలామంది కారుతో మొదలుపెడతారు. సైలెన్సరు మార్చి, టైర్లు మార్చి, ఆ తర్వాత రోడ్డు వెతుకుతారు. అది తిరగేయండి.

ముందు ఏం పెడుతున్నారో తేల్చుకోండి

ర్యాలీ అని మనం కలగాపులగంగా అనేస్తాం గానీ అందులో రెండు వేర్వేరు ఆటలున్నాయి. ఒకటి టీఎస్‌డీ, అంటే టైమ్, స్పీడ్, డిస్టెన్స్. తెరిచి ఉన్న రోడ్డు మీద, ట్రాఫిక్ నిబంధనల ప్రకారమే, నిర్వాహకులు చెప్పిన సగటు వేగంతో సరిగ్గా ఆ సమయానికి చేరాలి. రెండోది స్పెషల్ స్టేజ్. రోడ్డు పూర్తిగా మూసేసి, ఒక్కో కారునీ విడిగా వదిలి, ఎవరు తక్కువ సమయంలో దాటారో చూసేది. తెరిచి ఉన్న రోడ్డు మీద ఎవరు ముందో చూసుకునే మూడో రకం ఒకటి ఉంది. దానికి సురక్షితంగా చేసే పద్ధతి లేదు, కనుక ఇక్కడ దాని గురించి చెప్పడానికీ ఏమీ లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా టీఎస్‌డీయే. చప్పగా ఉంటుందని అనుకుంటారు. ఒకసారి చేసి చూడండి. సగటు వేగం గంటకి 36 కిలోమీటర్లు అని ఇచ్చారనుకోండి, అంటే నిమిషానికి 600 మీటర్లు. 12.6 కిలోమీటర్ల దూరానికి సరిగ్గా 21 నిమిషాలు పట్టాలి. 20 నిమిషాలకే వచ్చేస్తే మీకు పెనాల్టీ, 22కి వచ్చినా పెనాల్టీ. మధ్యలో ఆమదాలవలస దగ్గర రైల్వే గేటు పడితే పక్కన కూర్చున్న నావిగేటర్‌కి చెమటలు పడతాయి. ఇక్కడే ఒక జాగ్రత్త ఉంది. గేటు దగ్గర పోయిన ఐదు నిమిషాలని తర్వాతి ఊళ్లో తొక్కి రాబట్టుకోవాలన్న టెన్షన్ మొదలవుతుంది. రూట్ వేసేవాళ్లు ఊళ్లనీ, గేట్లనీ, బడులనీ టైము లెక్కలోంచి తీసేసి, అక్కడ తీరిగ్గా వెళ్లేలా చూడాలి. 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం మామూలు రోడ్ల మీద కారుకి గరిష్ఠ పరిమితి 70 కిలోమీటర్లు, రాష్ట్రం అంతకన్నా తగ్గించవచ్చు కూడా. మీరిచ్చే సగటు దానికి చాలా కిందే ఉండాలి.

వేగమే కావాలంటే ఇంకో దారి, ఏ కాలేజీ మైదానమో, ఖాళీ లేఅవుటో యజమాని అనుమతితో తీసుకుని కోన్లు పెట్టి ఆటోక్రాస్ నడపడం. కోన్ తగిలితే కోనే పడుతుంది.

ఇక స్పెషల్ స్టేజే కావాలంటే చదవండి.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 189 ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బహిరంగ స్థలంలో రేసు గానీ వేగ పరీక్ష గానీ జరగనివ్వడం, అందులో పాల్గొనడం నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికి 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఐదు వేలే కదా అనుకునేవాళ్లు తమ ఇన్సూరెన్సు కాగితం తీసి 'వినియోగ పరిమితులు' అన్న చోట చదవాలి. రేసింగు, వేగ పరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్ ఇవేవీ పాలసీలోకి రావని అక్కడ రాసే ఉంటుంది. మీ కారు రిపేరుకి పైసా రాదు. ఎదుటివాళ్లకి కోర్టు వేసిన పరిహారం కూడా చివరికి మీ మెడకే చుట్టుకోవచ్చు. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద 5 ఏళ్ల దాకా శిక్ష. కారు నాన్నగారి పేరు మీద ఉండి, నడిపింది పద్దెనిమిది నిండని, ఇంటర్ చదివే తమ్ముడైతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఏ కింద 3 ఏళ్ల దాకా జైలు, 25,000 జరిమానా నాన్నగారికి.

దేశంలో మోటార్ స్పోర్ట్స్‌కి గుర్తింపు ఉన్న సంస్థ ఎఫ్ఎంఎస్‌సీఐ. ప్రపంచ సంస్థ ఎఫ్ఐఏ గుర్తించినది దాన్నే. అందులో సభ్యత్వం ఉన్న క్లబ్బుని పట్టుకుని, వాళ్ల ద్వారా పర్మిట్, డ్రైవర్లకీ, పక్కన కూర్చుని దారి చెప్పే కో-డ్రైవర్లకీ లైసెన్సులు, ఈవెంట్ ఇన్సూరెన్సు తెచ్చుకోండి. ఆ తర్వాత కలెక్టరేటు, ఎస్పీ ఆఫీసు, రోడ్డు ఎవరిదైతే వాళ్లు. ఆర్ అండ్ బీ రోడ్డా, పంచాయతీరాజ్ రోడ్డా అన్నది ముందే కనుక్కోండి. ఒక కాగితం తప్పు ఆఫీసులో పడితే నెల పోతుంది. నేషనల్ హైవే మాట ఎత్తకండి.

రోడ్డుని నడిచి చూడండి

కారులో తిరిగి చూస్తే రోడ్డు కనబడదు. స్టేజ్ పొడవు ఎంతైనా సరే, రెండు వైపులకీ కాలినడకన వెళ్లాలి. చేతిలో నోటుబుక్కు, ఒక టేపు, సుద్దముక్క.

మొదట చూడాల్సింది తారు అంచు. మన బీటీ రోడ్ల మీద పొర మీద పొర వేసుకుంటూ పోయారు, పక్క మట్టి మాత్రం వానలకి కొట్టుకుపోయింది. చాలా చోట్ల తారుకీ మట్టికీ మధ్య జానెడు మెట్టు ఉంటుంది. మలుపులో ఎడమ చక్రం ఆ మెట్టు దిగిందనుకోండి. డ్రైవరు కంగారుగా స్టీరింగ్ కుడికి లాగుతాడు. టైరు పక్క అంచు తారుకి ఒరుసుకుంటూ ఎక్కదు, ఎక్కదు, ఇంకాస్త లాగేసరికి ఒక్కసారిగా ఎక్కేస్తుంది. అప్పటికి చక్రాలు బాగా కుడికి తిరిగి ఉంటాయి కనుక కారు రోడ్డుని అడ్డంగా కోసుకుంటూ అవతలి చెట్టుకి పోతుంది. మెట్టున్న చోటల్లా సుద్దతో గీత పెట్టండి. గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టించగలిగితే కొట్టించండి, లేదా ఆ ముక్క స్టేజ్‌లోంచి తీసేయండి.

తర్వాత, మలుపు బయటివైపు ఏముందో చూడండి. కారు అదుపు తప్పితే వెళ్లేది అటే. కల్వర్టు పిట్టగోడ, కిలోమీటరు రాయి, కరెంటు స్తంభం, దాని స్టే వైరు, చింతచెట్టు. ప్రమాదాన్ని ప్రాణం మీదకి తెచ్చేవి ఇవే. మట్టి రోడ్డు ర్యాలీలో కారు జారుతూ జారుతూ వేగం పోగొట్టుకుంటుంది. తారు మీద పట్టు ఎక్కువ కాబట్టి మలుపులోకి వచ్చే వేగమే ఎక్కువ, పట్టు తప్పేది చివరి క్షణంలో, తగిలేది పూర్తి వేగంతో. చెరువు గట్టు మీది రోడ్లయితే నేను ఒప్పుకోను. బెల్టులు బిగించుకున్న ఇద్దరు మనుషులతో తలకిందులుగా నీళ్లలో పడిన కారు దగ్గరికి, రోడ్డు పక్కన కాపలా ఉండే మార్షల్ ఎంత వేగంగా పరిగెత్తినా చాలదు. గట్టు లేని నేల బావులకీ ఇదే మాట.

మూడోది రోడ్డు మీద పడేవి. వేసవిలో విజయనగరం పల్లెల్లో సగం రోడ్డు మొక్కజొన్న గింజలతో పచ్చగా ఉంటుంది, గింజల చుట్టూ రాళ్లు కూడా పేరుస్తారు. సంక్రాంతి ముందు ధాన్యం. ఉలవ కట్టెలైతే బండ్లు తొక్కాలనే పరుస్తారు. దమ్ము పట్టే రోజుల్లో ట్రాక్టర్ చక్రాల మట్టి పెళ్లలు పెళ్లలుగా రాలి, ఎండి, మొదటి చినుక్కి సబ్బులా మారుతుంది. ఇవి తప్పని మీరు అనలేరు, ఆ రోడ్డు వాళ్ల కళ్లం. కాబట్టి నెల ఎంచుకోవడమే మీ చేతిలో ఉన్నది. డిసెంబరు, జనవరి పొద్దుటిపూట మంచు ఇంకో తంటా. చెట్ల గొడుగు కింద తారు తొమ్మిదింటి దాకా తడారదు. ఎండలో పొడి రోడ్డు మీద వచ్చిన డ్రైవరుకి ఆ నీడలో ఉన్న తడి కనబడదు. హిరమండలం, కొత్తూరు వైపు వెళ్లేవాళ్లు ఏనుగుల గుంపు ఎక్కడుందో అటవీ శాఖని అడిగి మరీ వెళ్లండి, నవ్వులాటకి చెప్పట్లేదు.

ఈ లెక్క ఒకటి అందరికీ చెప్పండి. మంచి టైర్లు, పొడి తారు, మెలకువగా ఉన్న డ్రైవరు అనుకుంటే 60 కిలోమీటర్ల వేగంలో, చూసి బ్రేకు మీద కాలు వేసే లోపు 17 మీటర్లు, ఆగడానికి ఇంకో 20, మొత్తం సుమారు 37 మీటర్లు. 120 వేగంలో అదే లెక్క సుమారు 115 మీటర్లు. మలుపు తర్వాత మీకు కనిపించే రోడ్డు ఎన్ని మీటర్లో టేపుతో కొలిచి పక్కపక్కన రాసుకోండి. ఇదంతా గింజలూ తడీ లేనప్పటి మాట.

మూయడమంటే నిజంగా మూయడం

2019 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లాలో జాతీయ ర్యాలీ ఛాంపియన్‌షిప్ స్టేజ్ నడుస్తోంది. రోడ్డు మూసే ఉంది. ఒక మోటారు సైకిల్ స్టేజ్‌లోకి వచ్చేసింది. ర్యాలీ కారు గుద్ది ఒకే కుటుంబంలో ముగ్గురు చనిపోయారు. నడుపుతున్నది దేశంలోకెల్లా పేరున్న డ్రైవరు. నైపుణ్యం తక్కువై జరిగింది కాదది. మూసిన రోడ్డులోకి ఒక బండి రావడానికి సందు దొరికింది, అంతే.

అందుకని సందుల జాబితా రాయండి. జంక్షన్లు అందరూ రాస్తారు. పుంతలు, పొలం గట్లు, కళ్లాల దారులు, బోరింగు దగ్గరికి వచ్చే బాట, మామిడి తోట గేటు, శ్మశానం దారి కూడా రాయాలి. ఆ రోజు ఊళ్లో ఎవరైనా పోతే శవాన్ని ఆపమని మీరు చెప్పలేరు. ఉద్దానం వైపు రోడ్డు మూస్తే డయాలసిస్‌కి వెళ్లాల్సినవాళ్లు ఉంటారు, వాళ్ల వారాలూ వేళలూ ముందే కనుక్కోండి.

ఊళ్లోకి స్వయంగా వెళ్లండి. ఫ్లెక్సీ కట్టి వచ్చేస్తే చాలదు. సర్పంచిని, సచివాలయంలో మహిళా పోలీసుని, రచ్చబండ మీద పెద్దల్ని కలవండి, ముందురోజు చాటింపు వేయించండి. ఎవరో ఒక పెద్దాయన అడుగుతాడు, "మా గేదులు తొమ్మిదింటికి చెరువుకెళ్లాల బావూ, ఆటికి మీ టైమేటి తెలుస్తాది?" అని. సరైన జవాబు, ఎనిమిదీ ముప్పావు నుంచి తొమ్మిదిన్నర దాకా స్టేజ్ ఆపడం. 'చూసుకుందాం లే తాతా' అన్నారంటే మీకు ఆ ఊళ్లో స్టేజ్ లేనట్టే.

ప్రతి సందు దగ్గరా ప్లాస్టిక్ రిబ్బను కట్టి వదిలేయడం మూయడం కిందకి రాదు. మనిషి ఉండాలి, శిక్షణ ఉన్న మార్షల్‌తో పాటు ఆ ఊరి కుర్రాడొకడు. బయటివాడు చెప్తే వినని బండి మన అప్పలనాయుడు కొడుకు చెప్తే ఆగుతుంది. మొదటి పోటీ కారు కన్నా ముందు సైరనుతో కోర్సు కార్లు, అంటే రోడ్డు ఖాళీగా ఉందో లేదో చూసుకునే నిర్వాహకుల కార్లు, వెళ్లాలి. ఆఖరి కోర్సు కారువాళ్లకి ఒక్క మనిషి రోడ్డు మీద కనబడినా స్టేజ్ మొదలుకాకూడదు. స్టేజ్ పొడవునా వైర్‌లెస్ సెట్లు ఉండాలి, ఫోన్లు నమ్ముకోకండి. కొండ దాటితే సిగ్నల్ ఉండదు.

రెక్కీ, అంటే పోటీకి ముందు డ్రైవర్లు ఆ రోడ్డు మీద తిరిగి చూసుకోవడం, దాని గురించి ఎవరూ మాట్లాడరు గానీ, ఔత్సాహిక ర్యాలీల్లో నాకు ఎక్కువ భయం అక్కడే. స్టేజ్ ఉందని తెలిసిన దగ్గర్నుంచి డ్రైవర్లు రాత్రిళ్లు వచ్చి అదే రోడ్డు మీద తొక్కి చూసుకుంటారు. అప్పుడు రోడ్డు తెరిచే ఉంటుంది. రెక్కీకి ఒకే రోజు, పగటిపూట, కారుకి నంబరు స్టిక్కరు, ఒక్కొక్కరికి రెండే రౌండ్లు, మామూలు ట్రాఫిక్ వేగం. దాటినవాడి ఎంట్రీ రద్దు, ఫీజు వాపసు లేదు. వాడు మీ బావమరిదైనా సరే.

వేగం తగ్గించడం డ్రైవరుకి వదిలేయకండి

ఆస్ట్రేలియాలో 1992 నుంచి నడిచిన టార్గా టాస్మేనియా తారు ర్యాలీల్లో పెద్ద పేరు. మూసిన రోడ్లు, అనుభవం ఉన్న నిర్వాహకులు. అయినా 2021లో ముగ్గురు, 2022లో ఒకరు పోటీదారులు చనిపోయారు, ఆ తర్వాత దాన్ని నిలిపేశారు. మంచి కారు, మంచి రోడ్డు కలిస్తే ఔత్సాహికుడి చేతికి అతని అనుభవం కన్నా ఎక్కువ వేగం వచ్చేస్తుంది.

కనుక వేగాన్ని రోడ్డే ఆపేలా చేయండి. నా పద్ధతి, ఏ తిన్నటి రోడ్డు మీదైనా కారు 100 దాటేలా ఉంటే మధ్యలో చికేన్ పెట్టడం. అంటే రోడ్డుకి అటొకటి ఇటొకటి అడ్డాలు పెట్టి మెలికలు తిప్పడం. మిషను కట్టిన గడ్డి మోపులు లేదా నీళ్లు నింపే ప్లాస్టిక్ బారియర్లు వాడండి. ఇసుక బస్తాలు వద్దు, కారుకి అవి బండరాయితో సమానం. ఫినిష్ లైను తర్వాత కూడా కారు నిదానంగా ఆగేంత రోడ్డు మూసే ఉండాలి. బోర్డు దాటగానే ఊరు మొదలయ్యే చోట ఫినిష్ పెట్టకండి.

ఇప్పుడు కారు

రోల్ కేజ్, అంటే కారు లోపల ఇనప గొట్టాల చట్రం, వేయించి హెల్మెట్ లేకుండా కూర్చునేవాళ్లని చూస్తే ఏమనాలో తెలియదు. తలకి దగ్గర్లో ఇనప గొట్టం పెట్టుకుని ఖాళీ తలతో కూర్చోవడం అది. బైకు హెల్మెట్ కాదు, ఎఫ్ఐఏ గుర్తున్న కారు హెల్మెట్. హార్నెస్ బెల్టులకి గడువు తేదీ ఉంటుంది, సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు ఆ చీటీ చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. అరుగు ఎంత బాగున్నా రబ్బరు గట్టిపడిపోయిన టైరుతో రాకండి. బ్రేకు ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది. పీల్చుకున్నది తక్కువ వేడికే మరిగిపోతుంది, పెడల్ నేలకి తగులుతుంది. ఎస్.కోట వైపు అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు ఆ అనుభవం కొందరికి అయ్యే ఉంటుంది. ఈవెంట్ ముందు కొత్తది పోయించండి.

తనిఖీ చేసేటప్పుడు తలుపు తీసి ముందు నేల మీద చూడండి. లీటరు వాటర్ బాటిల్ సీటు కింద నుంచి దొర్లి బ్రేకు పెడల్ వెనక్కి దూరితే, పెడల్ సగమే దిగుతుంది. డిక్కీలో సబ్‌ఊఫర్ పెట్టె, డాష్‌బోర్డు మీద దేవుడి విగ్రహం, జాకీ, అన్నీ దింపించండి. దేవుడి పటం పర్సులో పెట్టుకోమనండి. మంటలార్పే సిలిండరు ఇనప క్లాంపుతో బిగించి ఉండాలి. ఎర్ర త్రికోణం, ఒక వైపు 'ఓకే', ఇంకో వైపు 'ఎస్ఓఎస్' ఉన్న బోర్డు కో-డ్రైవర్ చేతికి అందేలా ఉండాలి.

చూసేవాళ్లు

2014 మేలో స్కాట్లాండ్‌లోని జిమ్ క్లార్క్ ర్యాలీలో చనిపోయిన ముగ్గురూ ప్రేక్షకులే. మన దగ్గర జనం ఇంకా ఎక్కువ వస్తారు, పిట్టగోడల మీద కూర్చుంటారు, రీల్స్ కోసం ఫోను పట్టుకుని మలుపు బయటికి వంగుతారు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో తాళ్లు పట్టుకుని జనాన్ని వెనక్కి ఉంచడం విజయనగరం వాళ్లకి కొత్త కాదు. ఆ ఓపికే ఇక్కడా కావాలి. నిలబడే చోట్లు మీరే నిర్ణయించండి. రోడ్డు కన్నా ఎత్తుగా, బాగా వెనగ్గా, మలుపు లోపలివైపు. బయటివైపు ఎవరికీ చోటు లేదు, వార్డు మెంబరుకైనా, వీడియోగ్రాఫరుకైనా. జనం లైను దాటితే స్టేజ్ ఆపించే అధికారం అక్కడున్న మార్షల్‌కే ఇవ్వండి.

ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, ముఖ్య అతిథిని ముగింపుకి పిలవండి. ప్రారంభానికి పిలిస్తే ఆయన గంటన్నర లేటుగా వస్తారు. రోడ్డు మూసే గడువు మాత్రం కలెక్టరేటు ఇచ్చిందే. పోయిన ఆ గంటన్నరని కోర్సు కార్లని తగ్గించి, కారుకీ కారుకీ మధ్య ఎడం తగ్గించి పూడ్చుకోవాలనిపిస్తుంది.

ఆంబులెన్సు, ఆపేయడం

108 జిల్లా జనానికి ఉన్నది, మీ ఆటకి కాదు. సొంత ఖర్చుతో ఆంబులెన్సు, అందులో డాక్టరు, నుజ్జయిన కారు కోసే పనిముట్లు స్టార్టు దగ్గరే ఉండాలి. ఏ ఆసుపత్రికి వెళ్లాలో ముందే మాట్లాడుకోండి. ఇచ్ఛాపురం వైపైతే విశాఖ కన్నా బరంపురం ఎంతో దగ్గర. ఆంబులెన్సు ఒకరిని తీసుకుని బయల్దేరిందంటే, రెండోది వచ్చేదాకా ఇంకో కారు వదలకూడదు.

ఎప్పుడు ఆపాలన్నది ముందు రాత్రే కాగితం మీద రాసి సంతకాలు పెట్టించండి. వాన పడితే, మంచులో రెండో స్తంభం కనబడకపోతే, ఒక రేడియో పాయింటు పలకకపోతే. పొద్దున స్పాన్సర్ల ముందు నిలబడి ఆలోచిస్తే ఎవరికీ ఆపబుద్ధి కాదు.

అంతా బాగా జరిగిందనుకుందాం. రోడ్డు ఊడ్పించి, మోపులు, రిబ్బన్లు తీయించి, మార్షళ్లందరూ వెనక్కి వచ్చాకే తెరవండి. తర్వాత డ్రైవర్లని వెంటనే పంపేయకండి. వాళ్ల చెవుల్లో ఇంకా స్టేజ్ మోగుతూనే ఉంటుంది, ఎదురుగా పదహారో నంబరు హైవే తెరిచి ఉంటుంది. భోజనాలు అక్కడే పెట్టండి. ఫలితాలు భోజనం అయిన గంటకి ప్రకటిస్తామని చెప్పండి, ముందే సిద్ధంగా ఉన్నా సరే.